బడిలో పిల్లలు ఏదైనా మింగితే 1800 116 117 (విష సమాచార కేంద్రం) కి ఫోన్ చేసినవాళ్లు ఉన్నారా? నా అనుభవం, కొన్ని ప్రశ్నలు

దేవరకొండ_సిస్టర్ (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. దేవరకొండ దగ్గర ఒక బాలికల గురుకులంలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నాలుగేళ్లయింది. ఐదొందల దాకా పిల్లలుంటారు, సిక్ రూంలో నేను ఒక్కదాన్నే. మొన్న గురువారం జరిగింది ఇంకా మనసులో నుంచి పోవడం లేదు. మిగతా సిస్టర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

సాయంత్రం ఆటల టైంలో ఆరో తరగతి పిల్లలు ఏడుగురు ప్రహరీ వెనక అడవి ఆముదం కాయలు పగలగొట్టి గింజలు తిన్నారు. "పల్లీల లెక్క తియ్యగున్నయి సిస్టర్" అంది ఒక పిల్ల. గంట తిరగక ముందే ఇద్దరికి వాంతులు మొదలయ్యాయి. వాళ్లను చూసి మిగతా ఐదుగురు ఏడుపు. వంట అక్క చింతపండు నీళ్లు తాగించమంది. వాచ్‌మన్ తాత ఉప్పు నీళ్లు పోసి కక్కించమన్నాడు. ఒక టీచర్ పాలు తెప్పించింది. అందరూ ప్రేమతోనే చెప్తున్నారు, అందరూ నా మొహం వైపే చూస్తున్నారు.

108 కి చెప్పాం. బండి రావడానికి కొంచెం టైం పడుతుందన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, నర్సింగ్ చదివేటప్పుడు మా మేడం నోట్స్‌లో రాయించిన నంబరు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న జాతీయ విష సమాచార కేంద్రం, టోల్ ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది. చేశాను. హిందీలో మాట్లాడారు. నాకు వచ్చిన హైదరాబాద్ హిందీలోనే చెప్పాను, అర్థం చేసుకున్నారు.

నేను భయపడుతూ మొత్తం కథ చెప్పబోతుంటే ఆపి, ఒక్కొక్కటే అడిగారు. పిల్లల వయసు ఎంత, బరువు ఎంత, ఒక్కొక్కరు ఎన్ని గింజలు తిన్నారు, నమిలారా మింగారా, ఎంతసేపయింది, ఇప్పుడు ఎలా ఉన్నారు, ఇప్పటిదాకా ఏమైనా తాగించారా అని. కాయ ఎలా ఉందో, లోపల గింజ రంగు ఏమిటో వర్ణించమన్నారు. తర్వాత చెప్పింది ఇది: కక్కించొద్దు, ఉప్పు నీళ్లు వద్దు. వాంతులు ఆగకుండా అవుతున్న ఇద్దరిని ఆసుపత్రికి పంపండి, వాళ్లకు నీరు తగ్గిపోకుండా చూడడమే అసలు వైద్యం. మిగతావాళ్లకు ఓఆర్ఎస్ గుక్క గుక్కగా ఇస్తూ దగ్గరే కూర్చోబెట్టుకోండి. వాంతిలోగానీ విరేచనంలోగానీ రక్తం కనిపించినా, మత్తుగా పడిపోతున్నా ఆగకుండా తీసుకెళ్లండి.

ఆ రాత్రి ఇంకో పిల్లకు కూడా విరేచనాలు ఎక్కువైతే తీసుకెళ్లాం. శుక్రవారం సాయంత్రానికి అందరూ మామూలయ్యారు. ఆ ఆరేడు నిమిషాల ఫోన్ వల్ల నా చేతుల వణుకు ఆగింది. ఎవరిని పంపాలి, ఎవరిని చూస్తూ ఉండాలి అన్నది ఒక్కదాన్నే నెత్తిన వేసుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది.

నా ప్రశ్న: మీలో ఎవరైనా ఈ నంబరు వాడారా? ఏ సందర్భంలో? సిక్ రూంలో ముందే ఏం రాసి పెట్టుకుంటే బాగుంటుంది?


మిర్యాలగూడ_నాన్న (రాత్రి 9:48)

సిస్టర్ గారూ, పిల్లలు క్షేమంగా ఉన్నారు, సంతోషం. కానీ ఒక తండ్రిగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. మా పాప కూడా హాస్టల్లోనే ఉంది. ఢిల్లీలో కూర్చున్న డాక్టర్‌కి ఇక్కడ పిల్ల ఎలా ఉందో ఎట్లా తెలుస్తుంది? ఏడుగురినీ వెంటనే దవాఖానకు తీసుకెళ్తే ఏం పోయేది? ఐదుగురిని బడిలోనే ఉంచారంటే నాకైతే బుగులైతుంది.


దేవరకొండ_సిస్టర్ (రాత్రి 10:05)

తప్పేం లేదన్నా, మీ స్థానంలో ఉంటే నేనూ అదే అడుగుతాను. వాళ్లను వదిలేయలేదు. రాత్రంతా సిక్ రూంలో పరుపులు వేసుకుని నాతోనే ఉన్నారు. అరగంటకొకసారి నాడి చూశాను, ఎన్నిసార్లు వాంతి అయ్యింది, మూత్రం వచ్చిందా అని పేరు పేరునా రాసుకున్నాను. మూడో పిల్ల విరేచనాల సంగతి వెంటనే పట్టుకోగలిగింది ఆ కాగితం వల్లే. ప్రిన్సిపల్ మేడం ఏడుగురి ఇళ్లకూ ఫోన్ చేసి చెప్పారు.


పిల్లల_వార్డు_పీజీ (రాత్రి 11:20)

నల్లగొండలో పీడియాట్రిక్స్ పీజీ చేస్తున్నాను. మిర్యాలగూడ అన్న అడిగినదానికి నాకు తెలిసింది చెప్తాను.

విష సమాచార కేంద్రం పిల్లను చూడదు, నిజమే. కానీ ఫలానా వస్తువు ఫలానా మోతాదులో ఒంట్లోకి పోతే ఏ గంటకు ఏం జరుగుతుంది అన్న సమాచారం వాళ్ల దగ్గర ఉంటుంది, రోజూ ఇలాంటి కేసులే వింటుంటారు. ఎదురుగా ఉన్న పిల్ల సంగతి సిస్టర్‌కి తెలుసు, మింగిన వస్తువు సంగతి వాళ్లకు తెలుసు. రెండూ కలవాలి. మాలాంటి డాక్టర్లం కూడా వాళ్లకు ఫోన్ చేస్తాం. అర్ధరాత్రి ఒకాయన కొడుకుని ఎత్తుకొచ్చి "గడ్డి మందు తాగిండు" అంటాడు. గడ్డి మందు అంటే గ్లైఫోసేట్ కావచ్చు, 2,4-డి కావచ్చు, పారాక్వాట్ కావచ్చు. మూడింటికీ దారి వేరు. పారాక్వాట్ అయితే అవసరం లేకుండా ఆక్సిజన్ పెట్టినా ఊపిరితిత్తులకు చెరుపే. అందుకే డబ్బా తెమ్మని అంత గట్టిగా అడుగుతాం.

సిస్టర్లకు ఒక మాట. పురుగు మందు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు కన్నా, కింద చిన్న అక్షరాల్లో ఉండే రసాయనం పేరు ముఖ్యం. దాని పక్కన రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా తీవ్రం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. హిందీ, ఇంగ్లీషు కష్టమైనా ఆ రసాయనం పేరు, త్రికోణం రంగు చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. పిల్ల స్పృహలో లేకపోయినా, ఫిట్స్ వస్తున్నా, ఊపిరి ఆడకపోయినా ఈ నంబరు తర్వాత, ముందు 108. పాము కాటుకి అయితే ఫోన్లతో నిమిషం కూడా పోగొట్టొద్దు, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లాలి. కట్లపాము కాటు రాత్రి నిద్రలో పడుతుంది, నొప్పి కూడా ఉండదు. హాస్టల్లో నేల మీద పడుకున్న పిల్ల తెల్లవారి కడుపు నొప్పి అంటూ, కనురెప్పలు వాలిపోతూ కనిపిస్తే దాన్ని అజీర్తి అనుకోవద్దు.


రిటైర్డ్_ఏఎన్ఎం (సోమవారం, ఉదయం 6:30)

నకిరేకల్ వైపు సబ్ సెంటర్లలో ముప్పై ఏళ్లు పని చేశానమ్మా. మా రోజుల్లో ఇలాంటి నంబరు ఏదీ నా చేతిలో లేదు, అందుకే ఇది చదివి కళ్లలో నీళ్లొచ్చాయి.

ఉమ్మెత్త కాయ తిన్న పిల్లగాణ్ణి ఒకసారి నా దగ్గరకు తేవడానికి ముందు గాలి సోకిందని మూడు గంటలు వేపమండలతో కొట్టించారు. వాడు గాలిలో ఏదో పట్టుకుంటున్నాడు, తల్లినే గుర్తుపట్టడం లేదు. నోరు ఎండిపోయింది, ఒళ్లు కాలిపోతోంది, కళ్లలో నల్లపాప పెద్దగా విచ్చుకుంది. టార్చి వేసినా చిన్నది కావడం లేదు. అది చూసే జీపెక్కించాను. బతికాడు.

మన పత్తి చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందు అయితే అంతా దానికి ఎదురు. నల్లపాప ఆవగింజంత అవుతుంది, నోట్లో నురుగు, చొంగ, ఒళ్లంతా చెమట. ఒకటి ఎండబెడుతుంది, ఇంకోటి తడిపేస్తుంది. నర్సమ్మలు ముందు కళ్లు చూడండి. ఫోన్‌లో వాళ్లు అడిగేదీ అదే ఉంటుంది.

ఇంకొకటి. 2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు కలిసిందని తేలింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మన దగ్గర కూడా మందు డబ్బాలు కడిగి నీళ్లకు, నూనెకు వాడేవాళ్లు ఉన్నారు. వంటగదిలోకి వెళ్లి డబ్బాలు చూడండి. ఒకేసారి పది మందికి వాంతులైతే కూర పాడైందని వెంటనే అనుకోకండి, కళ్లు చూడండి, వాసన చూడండి.


పాలమూరు_సైన్స్_టీచర్ (ఉదయం 7:15)

మాది మామూలు జిల్లా పరిషత్ బడి. మాకు నర్సు లేరు, ఏడాదికోసారి ఆర్‌బీఎస్‌కే (ప్రభుత్వ బాలల ఆరోగ్య కార్యక్రమం) టీమ్ వచ్చి పిల్లల్ని పరీక్ష చేసి వెళ్తుంది. మిగతా రోజులన్నీ సైన్స్ టీచర్ అంటే నేనే డాక్టర్‌ని, నేనే నర్సుని.

ల్యాబ్‌లో థర్మామీటర్ పగిలి పాదరసం చెదిరితే ఒక పిల్లగాడు చిన్న ముత్యం లాంటిది నోట్లో వేసుకున్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఈ నంబరుకే చేశాను. మింగిన పాదరసం కడుపులో పెద్దగా ఇమడదు, విరేచనంతో వెళ్లిపోతుంది, గాజు ముక్క ఏమైనా నోట్లోకి పోయిందేమో చూడండి అన్నారు. వాళ్లు ఎక్కువ జాగ్రత్త చెప్పింది నేల మీద మిగిలిన దాని గురించి. చీపురుతో ఊడ్చొద్దు, ముత్యాలు ఇంకా చిన్నవై ఆవిరి ఎక్కువవుతుంది. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, గట్టి కాగితంతో దగ్గరికి తోసి, మూత ఉన్న సీసాలోకి ఎత్తండి అన్నారు. నేను మింగినవాడి గురించే ఆలోచిస్తున్నాను, మిగతా నలభై మంది అదే గదిలో పీలుస్తున్నారన్న ఆలోచన నాకు రాలేదు.

అందుకే ఈ నంబరు నర్సులకు మాత్రమే కాదు, నర్సు లేని బడికి ఇంకా ఎక్కువ అవసరం అంటాను.


సూర్యాపేట_ఫార్మసీ (ఉదయం 10:40)

ఐరన్ గోలీల గురించి ఎవరూ రాయలేదు. బడుల్లో వారం వారం ఇచ్చే నీలం గోలీలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. ఒకటి మంచిదే, రక్తహీనత తగ్గుతుంది. కానీ 2023లో ఊటీలో ఒక బడిలో పిల్లలు ఎవరు ఎక్కువ తింటారని పందెం వేసుకుని తిన్నారు, ఒక ఎనిమిదో తరగతి పాప చనిపోయింది.

ఐరన్ దగ్గర మోసం ఏంటంటే, మొదట వాంతులు, కడుపు నొప్పి వస్తాయి, తర్వాత కొన్ని గంటలు పిల్ల బాగైనట్టే కనబడుతుంది. ఇంటికి పంపేస్తారు. లోపల కాలేయం దెబ్బతినడం ఆ తర్వాత బయటపడుతుంది. విషాన్ని పీల్చుకోవడానికి ఆసుపత్రిలో ఇచ్చే బొగ్గు పొడి కూడా ఐరన్‌ను పట్టుకోదు. విష కేంద్రం వాళ్లు గోలీల సంఖ్యను, ఒక్కోదానిలో ఐరన్‌ను, పిల్ల బరువును లెక్క కట్టి చెప్తారు. అందుకే డబ్బాలో ఎన్ని ఉండాలి, ఎన్ని మిగిలాయి అన్నది రాసి ఉండాలి. గోలీల డబ్బా క్లాస్ లీడర్ చేతికి ఇచ్చే అలవాటు దయచేసి మానండి.


కోదాడ_టు_టెక్సస్ (రాత్రి 8:55)

అక్కా, నమస్తే. మాది కోదాడ. నేను టెక్సస్‌లో ఒక ఎలిమెంటరీ స్కూల్లో నర్సుగా చేస్తున్నాను. మీ పోస్టు చదివి ఆగలేకపోయాను.

ఇక్కడ అమెరికా మొత్తానికి ఒకటే నంబరు, 1-800-222-1222. ఎక్కడి నుంచి చేస్తే ఆ ప్రాంతపు పాయిజన్ సెంటర్‌కి వెళ్తుంది. ఎత్తేది ఇందులోనే శిక్షణ పొందిన నర్సులు, ఫార్మసిస్టులు. వెనక టాక్సికాలజీ, అంటే విషాల వైద్యం చదివిన డాక్టర్లు ఉంటారు. నా టేబుల్ మీద, ఫోన్ మీద, మందుల అల్మారా తలుపు మీద ఆ స్టిక్కర్ ఉంటుంది.

స్కూల్ నర్సులం చేసే కాల్స్ ఎక్కువ ఎందుకో తెలుసా? పురుగు మందుల కోసం కాదు. మందు ఇవ్వడంలో పొరపాట్ల కోసం. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు పిల్లలుంటారు, ఒకరి మందు ఇంకొకరికి వెళ్తుంది. పొద్దున అమ్మ వేసిన మాత్రే మళ్లీ నేను వేస్తాను. నాకూ ఒకసారి జరిగింది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేని సమస్య) మాత్ర వేరే పాపకి ఇచ్చాను. ఆ క్షణం నేల చీలిపోతే బాగుండనిపించింది. ఫోన్ చేస్తే అవతలి నర్సు ఒక్క మాట కూడా నిందించలేదు. పాప బరువు, మాత్ర మోతాదు, వేరే మందులేమైనా వాడుతోందా అని అడిగి, ఎంతసేపు చూడాలి, ఏ లక్షణం కనిపిస్తే పంపాలి చెప్పింది. కేసు నంబరు ఇచ్చింది. రెండు గంటల తర్వాత తనే మళ్లీ ఫోన్ చేసి పాప ఎలా ఉందని అడిగింది. ఆ వివరాలతోనే అమ్మానాన్నలకు ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగాను.

ఇంకో రకం కాల్స్ కూడా ఉంటాయి, భయమే తప్ప ప్రమాదం లేనివి. కొత్త బ్యాగులో వచ్చే సిలికా జెల్ పొట్లం తింటారు, అది విషం కాదు, గొంతులో అడ్డం పడకుండా చూస్తే చాలు. జిగురు, సుద్ద ముక్కలు కూడా అంతే. అలాంటప్పుడు "పాపను క్లాసుకి పంపండి" అని వాళ్లు చెప్పడం వల్ల అనవసరంగా ఆసుపత్రికి పరుగెత్తడం తప్పుతుంది.

కానీ బటన్ సెల్ (గుండీ లాంటి చిన్న బ్యాటరీ) మింగితే మాత్రం క్షణం ఆలస్యం చేయొద్దు అక్కా. ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. ఇక్కడి సూచన ప్రకారం ఏడాది దాటిన పిల్లకు, మింగగలిగే స్థితిలో ఉంటే, ఆసుపత్రికి వెళ్లే దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె ఇవ్వొచ్చు. తేనె కోసం వెతుకుతూ ఆగొద్దు. ఎక్స్‌రే ముఖ్యం.


కల్వకుర్తి_రైతు (రాత్రి 9:30)

అడవి ఆముదం సంగతి సరే, మా కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు అసలు ఆముదమే ఇళ్లల్లో కుప్పలుగా ఉంటుంది. పిల్లలు ఆ గింజలతోనే ఆడుకుంటారు. నా చిన్న కొడుకు ఒకసారి రెండు గింజలు మింగాడు. పీహెచ్‌సీ సిస్టర్ మొదట అడిగింది "కొరికిండా, మింగిండా" అని. ఆముదం గింజ పొట్టు గట్టిది, నమలకుండా పోతే చాలాసార్లు అట్లనే బయటికొస్తుందట. నమిలితేనే లోపలి విషం పారుతుంది, అది కూడా వెంటనే కాదు, కొన్ని గంటల తర్వాత. గురివింద గింజది కూడా ఇదే లెక్క అని చెప్పింది. రెండు రోజులు చూసినం, ఏమీ కాలేదు.

బడి పిల్లలకు చెట్ల పాఠం చెప్పేటప్పుడు ఏ చెట్టు గింజ నోట్లో పెట్టకూడదో కూడా చెట్టు ముందర నిలబెట్టి చెప్పండి సార్. గన్నేరు కూడా చూపించండి. పువ్వు మంచిగుందని ప్రతి బడి గేటు దగ్గర పెడతరు.


వనపర్తి_లెక్చరర్ (రాత్రి 10:15)

జూనియర్ కాలేజీ హాస్టల్ బాధ్యత చూస్తున్నాను. అందరూ పొరపాటున మింగిన సంగతి రాశారు. మా వయసు పిల్లల్లో కొన్నిసార్లు అది పొరపాటు కాదు. ఈ మాట ఇక్కడ రాయక తప్పదనిపించింది.

ఒక అమ్మాయి జ్వరం మాత్రలు చాలా మింగి, సాయంత్రం నవ్వుతూ తిరిగింది. స్నేహితురాలు రహస్యంగా సిస్టర్‌కి చెప్పింది. చూడడానికి బాగానే ఉంది కదా, పొద్దున చూద్దాం అన్నారు కొందరు. సిస్టర్ వినలేదు. విష కేంద్రానికి ఫోన్ చేస్తే, పారాసెటమాల్ మొదటి రోజు ఏమీ చూపించదు, కాలేయం దెబ్బ రెండో మూడో రోజు తెలుస్తుంది, విరుగుడు మందు మొదటి ఎనిమిది గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది అన్నారు. రాత్రికి రాత్రే తీసుకెళ్లాం. ఇప్పుడా అమ్మాయి డిగ్రీ చదువుతోంది.

పరువు పోతుందని "పొరపాటున వేసుకుంది" అని ఫోన్‌లో అబద్ధం చెప్పకండి. ఎన్ని, ఎప్పుడు అన్నది నిజం చెప్తేనే వాళ్ల లెక్క సరిగా వస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక కూడా పిల్లను ఒంటరిగా ఉంచకండి, తిట్టకండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కి ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇది చదువుతున్న పిల్లలెవరైనా ఉంటే, మీకు కూడా ఆ నంబరు.


మిర్యాలగూడ_నాన్న (రాత్రి 10:50)

అన్నీ చదివాను. సిస్టర్ గారూ, నిన్న కొంచెం కఠినంగా అడిగాను, మన్నించండి. ఈ రోజు మా పాప హాస్టల్ వార్డెన్ గారికి ఫోన్ చేసి ఆ నంబరు ఉందా అని అడిగాను. లేదన్నారు, రాసుకున్నారు. మా పాప బరువు ఎంతో కూడా వాళ్ల దగ్గర లేదు, నాకూ తెలియదు.


దేవరకొండ_సిస్టర్ (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

అన్నా, మన్నింపులేమీ వద్దు. బరువు మాట మంచిగా గుర్తుచేశారు. గురువారం నేను కూడా ఆరుగురి బరువు అంచనాగానే చెప్పాను. నిన్నటి నుంచి క్లాసుల వారీగా అందరినీ తూచి రాస్తున్నాను, ఎనిమిదో తరగతి దాకా అయిపోయింది.

నంబరు పెద్ద అక్షరాలతో రాసి సిక్ రూంలో, వంటగదిలో, వార్డెన్ గది తలుపు మీద అతికించాను. దాని కింద వాళ్లు అడిగే ప్రశ్నలు తెలుగులోనూ, హిందీ మాటలు తెలుగు అక్షరాల్లోనూ రాశాను. నేను లీవులో ఉన్న రోజు వార్డెన్ మేడమైనా చేయగలగాలి. వంట అక్కకు చింతపండు నీళ్ల సంగతి నిదానంగా చెప్పాను. "నాకేం తెలుసమ్మా, మా అమ్మ అట్లనే చేసేది" అంది. ఇప్పుడు నూనె డబ్బాలన్నీ ఆమే వరుసగా చూపించింది.

ఒక సందేహం మిగిలింది. ప్రహరీ వెనక అడవి ఆముదం, గేటు దగ్గర గన్నేరు శనివారం కొట్టించేస్తున్నాం. తోట పని చేసే అన్న అక్కడే కుప్ప వేసి కాల్చేస్తానంటున్నాడు. పర్వాలేదా?


పిల్లల_వార్డు_పీజీ (మధ్యాహ్నం 2:05)

కాల్చొద్దు సిస్టర్. గన్నేరు పొగ కూడా మంచిది కాదు. అడవి ఆముదం పాలు చర్మానికి, కళ్లకు తగిలితే మంట. ఆయన చేతికి గ్లవుజులు వేసుకోమనండి, పశువులు మేయకుండా దూరంగా గుంత తీసి పూడ్చేయమనండి. గింజలు ఏరే పని పిల్లలకు అప్పగించకండి.


దేవరకొండ_సిస్టర్ (మధ్యాహ్నం 2:11)

సరే డాక్టర్ గారూ. ఇప్పుడే వెళ్లి చెప్తాను.